మైకు పెట్టిన ఆట

మా అక్క మెర్నా పెళ్ళాడింది ఓరెస్ట్ ప్రోకోపిక్‌ని కాదు, ఆయన గొంతుని అని మా అమ్మ అంటూ ఉండేది. అందులో అబద్ధం ఏమీ లేదు. అక్క ఆయన్ని చూడకముందే విన్నది. మానిటోబాలోని డాఫిన్‌కి పడమట ఉన్న మా చిన్న ఊళ్ళో చలికాలం సాయంత్రాలు పోవడానికి ఉన్న చోటు కర్లింగ్ షెడ్డు ఒక్కటే. అక్క దాని బయట కారులో కూర్చుని నాకోసం ఎదురుచూస్తోంది. లోపల్నుంచి "ఊడ్చండ్రా, గట్టిగా ఊడ్చండ్రా" అని ఒక కేక రేకు గోడలు దాటి, మూసిన కారు అద్దాలు దాటి వచ్చింది. ఈ మనిషెవరో చూసి నాలుగు చీవాట్లు పెట్టి వద్దామని లోపలికి వెళ్ళింది. ఆ చీవాట్లు ఇప్పటికీ పెడుతూనే ఉంది.

కర్లింగ్‌లో బరువైన రాయిని మంచు గచ్చు మీద జార్చి వదులుతారు. అది పోతుంటే ఇద్దరు దాని ముందు వంగి చీపుళ్ళతో మంచుని రుద్దుతారు. రుద్దితే రాయి ఇంకాస్త దూరం పోతుంది. అవతలి చివర నిలబడి, ఎప్పుడు ఊడ్వాలో ఎప్పుడు మానాలో అరిచి చెప్పేవాడు జట్టుకి పెద్ద. స్కిప్ అంటాం. మా బావ జీవితమంతా స్కిప్పే. ఆయన గురి గొప్పదేమీ కాదు, నిజం చెప్పాలంటే నా గురే నయం. కానీ ఆయన అరిస్తే ఊడ్చేవాళ్ళకి నడుం నొప్పి గుర్తుండేది కాదు. చుట్టుపక్కల ఊళ్ళ జట్లు మా షెడ్డుకి వస్తే మా పక్కనున్న మంచు పట్టీ మీద ఆడడానికి ఒప్పుకునేవి కావు. ఆయన అరుపుకి వాళ్ళ వాళ్ళు కూడా ఊడ్చేస్తున్నారని గొడవ.

పొద్దంతా ఆయన పని ఒంటరి పని. మునిసిపాలిటీ గ్రేడరు నడిపేవాడు. ఎండాకాలం మట్టిరోడ్లు చదును చేయడం, చలికాలం మంచు తోసేయడం. ఆ బండిలో ఇంకో మనిషికి చోటుండదు. అందుకని పగలు మాట్లాడాల్సిన మాటలన్నీ దాచుకుని సాయంత్రం ఇంటికి తెచ్చేవాడు. భోజనాల దగ్గర మాకు ఒక్క మాట కూడా మిగిల్చేవాడు కాదు. నాకూ నోరు తక్కువ కాదు కాబట్టి మా ఇద్దరికీ బాగా కుదిరింది. నాకు అరవై దాటినా ఆయనకి నేను "మరదలు పిల్ల"నే. తపాలా ఆఫీసు కౌంటర్లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నా ముందు ఊళ్ళో వాళ్ళంతా నోరు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఆయన మాత్రం వరుసలో వెనకనుంచే మొదలుపెట్టేవాడు, "వాండా, నాలుకంతా స్టాంపులు తడపడానికే వాడేయకు, మాకోసం కొంచెం మిగుల్చు" అని.

ఆ గొంతులో పుండు పుట్టింది. విన్నిపెగ్ తీసుకెళ్తే, మనిషి కావాలంటే గొంతు వదులుకోవాలన్నారు డాక్టర్లు. తీసేశారు. మెడ కింద ఒక చిన్న రంధ్రం, దాని మీద గుడ్డ. ఊపిరి అక్కణ్ణుంచే. మాట్లాడాలంటే చేతిలో ఇమిడే ఒక యంత్రం ఇచ్చారు. దాన్ని దవడ కింద ఆనించి మీట నొక్కితే జుమ్మంటుంది, పెదాలు కదిపితే ఆ జుమ్ము మాటగా బయటికొస్తుంది. ఎత్తుపల్లాలు లేని, ఒకే తీరు మాట. చూడ్డానికీ వినడానికీ గడ్డం గీసుకునే మిషన్ లాగే ఉంటుందని బావే దానికి "షేవరు" అని పేరు పెట్టాడు. దాంతో ఆయన నాతో అన్న మొదటి మాట, "ఇప్పుడు సంతోషమా, మరదలు పిల్లా?" నేను "చాలా" అన్నాను. అని, బాత్రూంలోకి వెళ్ళి నీళ్ళు వదిలిపెట్టి ఏడ్చాను.

తర్వాతి చలికాలం మళ్ళీ కర్లింగ్‌కి వెళ్ళాడు. చేతులతో సైగలు చేశాడు. కానీ ఊడ్చేవాళ్ళ తల కిందికి, రాయి మీదికి వంగి ఉంటుంది. వాళ్ళు చూడలేరు, వినగలరంతే. షేవరు తీసి మెడకి ఆనించి "ఊడ్చు" అనేలోపు రాయి వెళ్ళాల్సిన చోటు దాటిపోయేది. జట్టువాళ్ళు మంచివాళ్ళు. "పర్లేదు ఓరెస్ట్, పర్లేదు" అన్నారు. ఆ మాట విని విని ఒక రోజు చీపురు తెచ్చి గరాజులో మేకుకి తగిలించాడు. దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు. మేమూ అడగలేదు.

ఆ ఖాళీలోకి వచ్చింది ఈ టీవీ ఆట.

అక్క కూతురు క్రిస్టా మా పక్క వీధిలోనే ఉంటుంది. దాని కూతురు పైపర్‌కి పదమూడేళ్ళు. ఆదివారం చర్చి అయ్యాక అందరం అక్క ఇంట్లోనే తింటాం. ఒక ఆదివారం పైపర్ తన ఆట పెట్టె పట్టుకొచ్చి వాళ్ళ తాత టీవీకి తగిలించింది. నలుగురు ఆడే ఆట. పాచిక వేస్తే తెర మీద మన బొమ్మ గళ్ళలో నడుస్తుంది. మధ్యమధ్యలో చిన్న పందేలు వస్తాయి. పరుగెత్తడం, గెంతడం, బాంబు పక్కవాడికి అంటించడం, ఇలాంటి పిచ్చి పనులన్నీ బొత్తాలతోనే. నలుగురం సరిపోయాం: బావ, నేను, క్రిస్టా, పైపర్. అక్కకి ఇలాంటివి పట్టవు. వంటింట్లోంచి తొంగిచూసి "ఎవరు ఏడుస్తున్నారిప్పుడు?" అని అడిగి వెళ్ళిపోతుంది.

బావ ఆ ఆటకి ఎలా అలవాటు పడ్డాడో చూడాలి. మాటలతో పని లేదు. ఊపిరితో పని లేదు. రెండు చేతులూ ఒక రిమోటూ ఉంటే చాలు, అందరితో సమానం. పైగా ఆయన దొంగాట ఆడతాడు. ఆటలో నేను గెలుచుకున్న నక్షత్రాలు ఎన్నిసార్లు కొట్టేశాడో చెప్పలేను. నేను మాత్రం ఊరుకుంటానా? ఆయన రెండు చేతులూ రిమోట్ మీద ఉన్నప్పుడే, అంటే షేవరు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేనప్పుడే, తిట్టేదాన్ని. "గ్రేడరు నడిపినట్టు నడుపుతావేంటి బావా, ఆ బొమ్మ పిల్లాడు వాంతి చేసుకుంటాడు." "నీ ముక్కు కన్నా నీ గురి వంకర." ఆయన మొహం ఎర్రబడేది. జవాబు చెప్పకుండా ఉండలేడు కదా, గెలుస్తున్న పందేన్ని వదిలేసి, రిమోట్ ఒళ్ళో పడేసి, షేవరు తీసి జుమ్ముమని నన్ను తిట్టేవాడు. ఈలోపు ఆయన బొమ్మ గోతిలో పడేది. పైపర్ నేల మీద దొర్లి నవ్వేది. ఆడడం కంటే ఇదే అసలు ఆట మాకు. వారమంతా నేను ఆ తిట్లు ఆలోచించి పెట్టుకునేదాన్ని.

అలా ఉండగా ఆ ఆటే కొత్త రూపంలో వచ్చింది. పూర్తిగా కొత్త ఆట కాదు. పాత ఆటే, దానికి ఇంకొన్ని పందేలు తగిలించారు. టీవీ నెత్తిన పెట్టుకోవడానికి ఒక నల్ల గుడ్డు లాంటి కెమెరా, దాన్లోనే మైకు. పైగా అది పాత పెట్టెలో పడదట, కొత్త పెట్టె కూడా కొనాలట. బడిలో పైపర్ స్నేహితులందరి దగ్గరా అది ఉంది. క్రిస్టాకి కొనాలని ఉంది, కానీ నాన్నని అడగకుండా ఈ ఇంట్లో ఏదీ జరగదు.

"అదే ఆట కదమ్మా. అట్టపెట్టె మారింది, అంతే. దాని బదులు నీ కారు టైర్లు మార్పించుకో," అన్నాను నేను.

"అదే కాదు చిన్నమ్మమ్మా," అంది పైపర్. "ఇందులో మైకు పందేలుంటాయి. గట్టిగా అరవాలి. ఎవరు ఎక్కువ అరిస్తే..." అంటూ వాళ్ళ తాత వైపు చూసి ఆగిపోయింది.

ఆలుగడ్డ కూరి కజ్జికాయల్లా చేసిన పెరోగీలని బల్ల దగ్గర ఎవరూ ముట్టుకోలేదు కాసేపు. క్రిస్టా కూతురి వైపు చూసిన చూపుకి పిల్ల మొహం కందిపోయింది. బావ నింపాదిగా పెరుగు మీగడ వడ్డించుకుని, ఫోర్కు పక్కన పెట్టి, షేవరు తీశాడు.

"అరుపులా?" అన్నాడు. "కొనండి."

"నాన్నా, ఆ పందేలు లేకుండా కూడా ఆడొచ్చు," అంది క్రిస్టా.

"లేకుండా ఎందుకు? అవీ ఉండాలి." షేవరు పక్కనున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో చివరిదాకా తిప్పాడు. "ఇదిగో," అన్నాడు. గాజు గ్లాసులు జుమ్ముమన్నాయి. "దీన్ని ఎప్పుడూ ఇంతదాకా పెట్టలేదు. మీ అందరికన్నా నాదే గట్టిగా వినపడుద్ది."

అప్పుడు అర్థమైంది నాకు. ఈయనకి భయం కాదు, ఆశ పుట్టింది. ఇంత కాలానికి అరవమని అడిగే ఆట ఒకటి దొరికింది. ఊడ్చేవాళ్ళకి అందని అరుపు మిషనుకైనా అందుతుందనుకున్నాడు.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. "వద్దని చెప్పవే. నేను చెప్తే వినడు. నీతోనైతే పోట్లాడతాడు గానీ వింటాడు."

"ఏమని చెప్పమంటావు?"

"అదేదో చెప్పు. దండగ అని చెప్పు."

చెప్పాను. దండగని చెప్పాను, ఆ కెమెరాలో నా మొహం చూడలేనని చెప్పాను, పాతదే ఇంకా సరిగ్గా రాలేదు మనకి అని చెప్పాను. అసలు మాట తప్ప అన్నీ చెప్పాను. అసలు మాట ఎలా చెప్తాం? బావ అంతా విని, "ఇక్కడ స్కిప్ ఎవరు?" అని అడిగాడు. మా వాళ్ళలో ఆ ప్రశ్నకి ఒకటే జవాబు. స్కిప్ చెప్పాక రాయి ఎక్కడికి వెయ్యాలో వాదించరు.

ఆ తర్వాత రోజుల్లో బావ గరాజులోకి వెళ్ళి తలుపేసుకునేవాడట. కారు పక్కన నిలబడి, షేవరు చక్రం పూర్తిగా తిప్పి, "ఊడ్చండ్రా, గట్టిగా ఊడ్చండ్రా" అని సాధన. పక్కింటి కుక్క మొరిగేదట. అక్క ఫోన్లో ఇది చెప్తూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఫోన్ పెట్టేసింది.

మా చర్చి పాత క్యాలెండరు ప్రకారం జనవరిలో చేసే క్రిస్మస్ పోయిన తర్వాతి ఆదివారం. బయట కారు ఇంజన్లకి కరెంటు తగిలించి వెచ్చగా ఉంచితే తప్ప బళ్ళు కదలని చలి. పండక్కి మిగిలిన, అన్నం కూరిన క్యాబేజీ ఆకు చుట్టలు అక్క వేడి చేసింది. క్రిస్టా కొత్త పెట్టె తెచ్చింది, పైపర్ ఆ నల్ల గుడ్డుని టీవీ మీద నిలబెట్టింది. తెర మీద మా నలుగురి మొహాలూ నాలుగు గళ్ళలో కనిపించాయి. బావ శుభ్రంగా గడ్డం గీసుకుని, మెడ గుడ్డ కొత్తది కట్టుకుని వచ్చాడు. "ఇవాళ ఏ షేవరు వాడావు బావా?" అంటే, ఆ షేవరుతోనే "నోర్ముయ్" అన్నాడు. మంచి హుషారు మీద ఉన్నాడు.

మొదట్లో అంతా పాత పందేలే వచ్చాయి. రెండు పందేలు బావే గెలిచాడు. అప్పుడు వచ్చింది మైకు పందెం. ఒక గుహలో ఎలుగుబంటి నిద్రపోతుంటుంది. ఒక్కొక్కరం వంతుకి అరిచి దాన్ని లేపాలి. ఎవరు తొందరగా లేపితే వాళ్ళది గెలుపు. పక్కన థర్మామీటర్ లాంటి ఎర్ర గీత, అరుపుని బట్టి పైకి లేస్తుంది. నేను అరిచాను, తపాలా ఆఫీసు అరుపు. ఎలుగుబంటి ఒక చెవి కదిపి, ఒళ్ళు విరుచుకుని లేచింది. క్రిస్టా అరిచింది. పైపర్ కీచుమంది. మూడు ఎలుగుబంట్లు లేచాయి. ఇక బావ వంతు.

ఆయన రిమోట్‌ని పక్కన పెట్టాడు. సోఫా అంచుకి జరిగి వెన్ను నిటారుగా పెట్టాడు. షేవరు ఆనించి, చక్రం తిప్పి, అన్నాడు: "ఊడ్చండ్రా."

కిటికీ అద్దాలు అదిరాయి. అబద్ధం చెప్పడం లేదు, నేను చూశాను. వంటింట్లోంచి అక్క చేతిలో గరిటెతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ షెడ్డు బయట తను విన్న కేకలో ఒక్క పిసరు అందులో ఉంది.

తెర మీద ఎర్ర గీత కదల్లేదు. ఎలుగుబంటి గురక పెడుతోంది. కింద అక్షరాలు వచ్చాయి: వినిపించలేదు, మళ్ళీ ప్రయత్నించండి.

"దూరమైందేమో తాతా," అంది పైపర్.

బావ లేచి టీవీ దగ్గరికి వెళ్ళాడు. "గట్టిగా ఊడ్చండ్రా," అన్నాడు. గీత కదల్లేదు. నల్ల గుడ్డుకి మొహం ఆనించేంత దగ్గరికి వెళ్ళి మళ్ళీ అన్నాడు. టీవీ తెర మీద ఆయన గడిలో ఆయన నుదురు మాత్రం పెద్దగా కనిపించింది. వినిపించలేదు.

"మైకు పాడైపోయి ఉంటుంది," అన్నాను.

"ఇందాక నీది విన్నదిగా," అన్నాడు బావ.

పైపర్ ఆటని ఆపి ఏవేవో మీటలు నొక్కి, తెర మీద వచ్చింది చదువుకుంది. చదువుతూ ఆగిపోయింది.

"ఏమంటోంది?" అన్నాడు బావ.

"ఏం లేదు తాతా."

"చదువు."

పిల్ల వాళ్ళ అమ్మ వైపు చూసింది. క్రిస్టా నేల చూపులు చూస్తోంది. పైపర్ మెల్లగా చదివింది. "మాట స్పష్టంగా వినపడ్డానికి, గదిలోని మిషన్ల చప్పుళ్ళని ఇది తనే తీసేస్తుందట. ఫ్యాన్లు... ఫ్రిజ్‌లు... అలాంటివి." ఇంకో రెండు మీటలు నొక్కి, "దాన్ని ఆపే చోటు లేదు తాతా. చూశాను," అంది.

మేం నలుగురం ఆ నల్ల గుడ్డు వైపు చూస్తూ ఉండిపోయాం. అందరికీ కోపం వచ్చింది, ఎవరి మీద అంటే చెప్పలేం. చేసినవాళ్ళు దుర్మార్గులేమీ కాదు. ఫ్రిజ్ చప్పుడు తీసెయ్యాలనుకున్నారు, తీసేశారు. ఫ్రిజ్‌లా మాట్లాడే మనిషి ఒకడు మానిటోబాలో సోఫా అంచున కూర్చుని ఉంటాడని వాళ్ళకేం తెలుసు?

క్రిస్టా "నీ వంతు నేను అరుస్తాను నాన్నా" అంది. నేను "చప్పట్లు కొట్టు బావా, దానికి వినపడొచ్చు" అన్నాను. పైపర్ ఆటని మళ్ళీ నడిపించింది. బావ ఇంకోసారి, ఈసారి ఏ ఆశా లేకుండా, షేవరు ఆనించి పెదాలు కదిపాడు. ఇల్లంతా జుమ్ముమంది. గీత సున్నా దగ్గరే ఉంది.

గుమ్మంలోంచి అక్క "అయ్యో దేవుడా" అంది. అరవలేదు. ఊపిరి వదిలినట్టు, తనలో తను అనుకున్నట్టు అంది.

ఎలుగుబంటి లేచింది.

తెర మీద బావ బొమ్మ గెంతులేసింది. రంగు కాగితాలు రాలాయి. ఓరెస్ట్ అని పేరు వేసి, పక్కన నాణేలు లెక్కగట్టింది ఆట. అక్క గరిటెని ఆప్రాన్‌లో దాచుకుంది, నేరం చేసినట్టు.

బావ తెర మీద తన పేరు చదివాడు. తర్వాత షేవరు చక్రాన్ని వెనక్కి తిప్పి జేబులో పెట్టుకున్నాడు. రిమోట్‌ని బల్ల మీద సరిగ్గా పెట్టాడు. లేచి నిలబడి, ముందు పైపర్ వైపు, కుడిచెయ్యి చాచాడు.

మా కర్లింగ్ వాళ్ళలో ఇది ఉంది. ఆట ఇంకా మిగిలి ఉన్నా, ఇక కుదరదని స్కిప్‌కి అనిపిస్తే, చేతి తొడుగు తీసి అవతలి వాళ్ళకి చెయ్యి చాస్తాడు. అంతే, ఆట ముగిసినట్టు. ఎవరూ "ఇంకాస్త ఆడు" అనరు. అది మర్యాద కాదు. చాచిన చేతిని పట్టుకుని, కళ్ళలోకి చూసి, "మంచి ఆట" అంటాం. చిన్నప్పట్నుంచీ మా చేతులకి అలవాటు. బుర్ర ఆలోచించేలోపే చెయ్యి వెళ్ళిపోతుంది.

పైపర్ చెయ్యి వెళ్ళిపోయింది. "మంచి ఆట, తాతా," అంది. క్రిస్టా నిలబడి చెయ్యి కలిపింది. నా ముందుకి వచ్చాడు. షేవరు లేకుండా, చప్పుడు లేకుండా ఆయన పెదాలు "మంచి ఆట" అన్నాయి. నేనూ పట్టుకున్నాను. నేనూ అన్నాను. పెద్ద వెచ్చటి చెయ్యి. ముగ్గురిలో ఒక్కరికైనా ఆ చేతిని వెనక్కి తొయ్యాలని తోచలేదు. ఒక్కరు వద్దన్నా ఆట మిగిలేది. మర్యాదస్థులం కదా, ముగ్గురం వరుసగా నిలబడి ఆయన్ని ఆటలోంచి సాగనంపాం.

ఆయన వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుని బయట మంచు చూస్తూ కాఫీ తాగాడు. మొహం మాడ్చుకోలేదు. వెళ్ళేటప్పుడు పైపర్ కోటు జిప్పు కూడా తనే పైకి లాగాడు.

తర్వాతి ఆదివారం నల్ల గుడ్డుని తీసి టీవీ కింద సొరుగులో పడేశాం. పైపర్ మైకు పందేలన్నీ తీసేసి పెట్టింది. "తాతా, ఇప్పుడు అరుపుల్లేవు. అంతా పాతలాగే," అంది. బావ దాని తల నిమిరి, షేవరు తీసి, "చేతులు కలిపేశాం కదమ్మా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. క్రిస్టా బతిమాలింది. నాన్నా నాన్నా అంటూ చిన్నపిల్లలా వెంటపడింది. పాత పెట్టె మళ్ళీ తెచ్చి తగిలిస్తానంది. ఆయన "మీరాడండి" అని వంటింట్లోకి వెళ్ళాడు. నాలుగో మనిషి లేకపోతే ఆ ఆట ఊరుకోదు, తనే ఒక బొమ్మని పెట్టి ఆడిస్తుంది. ఆ బొమ్మ బాగానే ఆడుతుంది. దొంగాట మాత్రం రాదు.

అలా వారాలు గడిచాయి. మేం ఆడుతూనే ఉన్నాం, ఎందుకంటే మానేస్తే ఆయన వల్ల మానేశామని ఆయనకి అనిపిస్తుంది. ఆడితే ఆయన లేకుండా ఆడుతున్నాం. ఏ వైపు తిరిగినా గోడే. ఒక ఆదివారం అక్క నా మీద విరుచుకుపడింది.

"ఎందుకు పట్టుకున్నావే ఆ చెయ్యి?"

"ఆయన చాచాడు, ఏం చెయ్యమంటావు?"

"అందరిమీదా అంతెత్తు లేస్తావు. ఆ ఒక్కరోజే దొరికిందా నీకు మర్యాద?"

"నువ్వూ ఉన్నావుగా. వద్దనాల్సింది."

"నేనాడట్లేదు. నాకు చెయ్యివ్వలేదు," అంది అక్క, ఏడుపు మింగుతూ. "నాకిచ్చుంటే తన్ని తగలేసేదాన్ని."

ఆ రోషంతోనే వంటింట్లోకి వెళ్ళాను. బావ సింకు దగ్గర నిలబడి గిన్నెలు తుడుస్తున్నాడు. ముందు గదిలో పైపర్, క్రిస్టా ఆడుకుంటున్నారు.

"ఒకమాట చెప్పు," అన్నాను. "చెయ్యిస్తే ఆ రోజు ఆటకే. వచ్చే వారం మళ్ళీ మంచు మీదికి వస్తాం. ఎప్పుడూ అంతే కదా. నీకు తెలీదా?"

ఆయన పళ్ళెం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, షేవరు తీశాడు. తొందరేమీ లేదు.

"తెలుసు."

"మరి?"

"చెయ్యెందుకిస్తాం, చెప్పు."

"గెలవలేమని తెలిసిపోయి."

"కాదు." ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఓడిపోవడానికేం, ఆడొచ్చు చివరిదాకా. అవతలి వాళ్ళని చలిలో ఊరికే నిలబెట్టకూడదని ఇస్తాం."

నేనేదో అనబోయాను. ఆయన వేలెత్తి ఆపాడు. ముందు గది వైపు చూపించాడు. విన్నాను. పందెం నడుస్తోంది, బాంబు పందెం, అన్నిటికన్నా గోల చేసేది. పైపర్ గెలిచినట్టుంది. "అమ్మా, నేనే," అంది, చర్చిలో చెప్పినట్టు నెమ్మదిగా. క్రిస్టా "ష్" అంది.

"ఆ మైకుని సొరుగులో దాచారు," అన్నాడు బావ, ఆ ఒకే తీరు గొంతుతో. "పిల్ల మా ఇంటికొస్తే గుసగుసలాడుతోంది. ఆ రోజు కూడా మీరంతా నాతో పాటు నోళ్ళు మూసుకు కూర్చున్నారు. చూడలేక ఇచ్చాను చెయ్యి. ఇచ్చినా మీరు ఆ చలిలోంచి కదల్లేదు." నా వైపు తిరిగాడు. "నువ్వు నన్ను తిట్టి ఎన్నాళ్ళయింది, మరదలు పిల్లా?"

నిజమే. ఆ ఎలుగుబంటి రోజు నుంచి ఒక్క మాట అనలేదు. నేనే గమనించలేదు. ఎదురుపడితే "బాగున్నావా బావా", "కాఫీ తాగావా బావా" అంటున్నాను, ఆస్పత్రిలో మనిషిని పలకరించినట్టు.

తిడదామనుకున్నాను. ఇప్పుడే, ఇక్కడే, ఆ చేతిలోని గుడ్డ మీదో, ఆ కడిగిన గిన్నె మీద మిగిలిన జిడ్డు మీదో ఏదో ఒకటి. జీవితమంతా నాకు కరువు లేని మాటలు. నోరు తెరిచాను. ఆయన షేవరు మెడకి ఆనించుకునే ఉన్నాడు, నా మాట రాగానే తిరిగి అనడానికి సిద్ధంగా, కళ్ళు కొంచెం మెరుస్తూ. నాకు ఒక్క మాట రాలేదు.

ఆయన నా నోటి వంకే చూస్తూ ఎదురుచూశాడు. తర్వాత షేవరు జేబులో పెట్టుకుని, గుడ్డ తీసుకుని, ఇందాక తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.